ఖాతా తెరిచిన నిమిషం నుంచే రక్షణ ఉండాలి: సోషల్ నెట్‌వర్క్‌లు తయారుచేసేవారికి బహిరంగ లేఖ

సోషల్ నెట్‌వర్క్ కంపెనీల్లో కొత్త ఖాతా తెరిచే పేజీలను రూపొందిస్తున్న డిజైనర్లకు, ఇంజినీర్లకు, వాటికి ఆమోదముద్ర వేసే పెద్దలకు,

నమస్కారం.

నేను కంప్యూటర్, స్మార్ట్‌ఫోన్ వాడకం నేర్పే టీచర్ని. నా దగ్గరికి బడి పిల్లలు వస్తారు, ఉద్యోగ విరమణ చేసినవాళ్లు వస్తారు, పిల్లలు దూరాన ఉన్న తల్లులు వస్తారు. వీళ్లలో చాలామంది ముందుగా అడిగేది ఒకటే: "నాకు ఒక అకౌంట్ ఓపెన్ చేయడం చూపించండి." నేను పక్కన కూర్చుంటాను, బటన్లు మాత్రం వాళ్లే నొక్కుతారు. మీరు తయారుచేసిన పేజీలను నేను ఎక్కువగా చూసింది ఇలా వాళ్ల భుజం మీదుగానే. వాళ్లు ఎక్కడ ఆగుతారో, ఎక్కడ చదవకుండా నొక్కేస్తారో, ఎక్కడ భయపడి నా వైపు చూస్తారో నాకు తెలుసు.

మిమ్మల్ని అడగబోయేది ఒక్క విషయమే. కొత్త ప్రొఫైల్ పుట్టినప్పుడే పూర్తిగా మూసి ఉండాలి. ఎంత తెరవాలో, ఎవరికి తెరవాలో ఆ మనిషి తర్వాత తీరిగ్గా నిర్ణయించుకోవాలి. ఇప్పుడు చాలా చోట్ల దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతోంది.

మీ పేజీల వరుస ఒకసారి చూడండి. పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, పాస్‌వర్డ్. వెంటనే కాంటాక్ట్స్ చూడటానికి అనుమతి. ఆ తర్వాత ఫోటో, నోటిఫికేషన్లు, 'మీకు తెలిసి ఉండొచ్చు' అనే జాబితా. నాలుగైదు నిమిషాల్లో అంతా అయిపోతుంది. నా పోస్టులు ఎవరికి కనబడతాయి, నా నంబరు పట్టుకుని నన్ను ఎవరు వెతకగలరు, నా స్నేహితుల జాబితా ఎవరు చూడగలరు, పాస్‌వర్డ్‌తో పాటు మరో ఆధారం కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ ఎలా పెట్టుకోవాలి అనే ప్రశ్నలు ఈ వరుసలో సాధారణంగా రావు. వాటి కోసం సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి, అందులో ఒక మెనూ తెరవాలి, ఆ మెనూలో మరొకటి తెరవాలి. కొత్తగా వచ్చిన మనిషికి అక్కడ సెట్టింగ్స్ అంటూ ఒకటి ఉందనే తెలియదు. చాలామందికి తెలిసేది ఏదో ఒకటి జరిగాకే. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, 'మీ ఖాతా భద్రతను సరిచూసుకోండి' అనే మీ సందేశం అప్పుడు వస్తుంది.

మొదటి రోజు మీరు పెట్టి ఇచ్చిన సెట్టింగ్‌ను ఎక్కువమంది ఎప్పటికీ మార్చరు. ఈ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. కాబట్టి ఆ మొదటి సెట్టింగ్ ఎలా ఉండాలన్న నిర్ణయం వాడేవాళ్లది కాదు, మీది. దాని బాధ్యత కూడా మీదే.

కాంటాక్ట్స్ సంగతి ముందు చెబుతాను. అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. 'మీ స్నేహితులను కనుక్కోండి' అని తెర నిండా ముదురు రంగు బటన్ ఉంటుంది. దాని కింద లేత అక్షరాల్లో 'ఇప్పుడు కాదు' అని ఉంటుంది. 'వద్దు' అని సూటిగా చెప్పే వీలు చాలా చోట్ల లేదు. పెద్ద బటన్ నొక్కితే ఫోన్‌లో ఉన్న పేర్లు, నంబర్లు మీ సర్వర్లకు చేరతాయి. అయితే ఆ నంబర్లు నా పక్కన కూర్చున్న ఆవిడ సొంతం కాదు. అందులో ఆమె డాక్టరు ఉంటారు, లాయరు ఉంటారు, పాత ఇంటి యజమాని ఉంటారు, ఎప్పుడో గొడవపడి మాట్లాడటం మానేసిన బంధువు ఉంటాడు. తమ నంబరు మీకు ఇవ్వమని వాళ్లలో ఎవరూ ఆమెకు చెప్పలేదు. మీ నెట్‌వర్క్‌లోకి ఎన్నటికీ రాకూడదని గట్టిగా అనుకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉండొచ్చు.

ఈ దారిలో జరిగిన నష్టాలు మీ పరిశ్రమకు కొత్త కాదు. 2010 ఫిబ్రవరిలో గూగుల్ బజ్ అనే సోషల్ నెట్‌వర్క్ మొదలైనప్పుడు, జీమెయిల్‌లో ఎవరికి ఎక్కువగా ఉత్తరాలు రాస్తామో లెక్కగట్టి వాళ్లను తనంతట తానే మన జాబితాలో చేర్చింది. ఆ జాబితా ప్రొఫైల్ చూసే అందరికీ కనబడే వీలుండేది. మనం ఎవరితో తరచూ మాట్లాడతామన్నది ఎంత సున్నితమైన విషయమో, రహస్యంగా సమాచారం ఇచ్చేవాళ్లను కాపాడుకోవాల్సిన జర్నలిస్టును అడిగితే తెలుస్తుంది. రోగుల పేర్లు బయటపెట్టకూడని మానసిక వైద్యుడిని అడిగినా చెబుతారు. జనం మండిపడ్డాక కొద్ది రోజుల్లోనే గూగుల్ దాన్ని సరిదిద్దింది. 2011లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అంటే ఎఫ్‌టీసీతో రాజీ కుదుర్చుకుని, 20 ఏళ్లపాటు బయటివారి ప్రైవసీ ఆడిట్లకు ఒప్పుకుంది. 2012లో పాత్ అనే యాప్ ఐఫోన్‌లోని అడ్రస్ బుక్ మొత్తాన్ని అడగకుండానే తన సర్వర్లకు పంపుతోందని బయటపడింది. సభ్యుల పేరు మీద వాళ్ల పరిచయస్థులకు మళ్లీ మళ్లీ ఆహ్వానాల ఈమెయిళ్లు పంపినందుకు వేసిన దావాలో, 2015లో లింక్డ్‌ఇన్ 1.3 కోట్ల డాలర్లకు రాజీపడింది.

వీటన్నిటికన్నా పెద్దది తర్వాత వచ్చింది. 2021 ఏప్రిల్‌లో 53 కోట్లకు పైగా ఫేస్‌బుక్ ఖాతాల వివరాలు, ఫోన్ నంబర్లతో సహా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికాయి. సర్వర్‌లోకి ఎవరూ చొరబడలేదు. కాంటాక్ట్స్ ద్వారా స్నేహితులను వెతికే ఆ సదుపాయాన్నే వాడుకున్నారు. లక్షల కొద్దీ నంబర్లను ఒక వరుసలో పుట్టించి, 'ఇవి నా కాంటాక్ట్స్' అని అందిస్తే, ఏ నంబరు ఎవరిదో నెట్‌వర్కే చెప్పింది. ఎవరిదో తెలియని పది అంకెల నంబరు ఒక్కసారిగా పేరూ ముఖమూ ఉన్న మనిషిగా మారిపోయింది. ఐర్లాండ్ డేటా రక్షణ సంస్థ 2022 నవంబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు 26.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. జరిమానా కట్టడంతో కంపెనీ పని అయిపోయింది. బయటికి వెళ్లిన నంబర్లు మాత్రం వెనక్కి రావు. మోసపు కాల్ చేసేవాడు పేరు పెట్టి పలకరిస్తున్నాడంటే ఆ పేరు ఇలాంటి చోట్ల నుంచి కూడా వచ్చి ఉండొచ్చు.

అందుకే నా దగ్గర నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే: కాంటాక్ట్స్ అడిగితే ఇవ్వకండి. ఇవ్వకపోతే ఖాతా ఆగిపోదు. కావలసినవాళ్లను పేరుతో వెతుక్కోవచ్చు, లేదా వాళ్లనే తమ ప్రొఫైల్ లింకు పంపమని అడగొచ్చు. ఒకవేళ ఇచ్చేసి ఉంటే రెండు పనులు చేయాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు ఉన్న కాంటాక్ట్స్ అనుమతి తీసేయాలి. యాప్‌లో 'అప్‌లోడ్ చేసిన కాంటాక్ట్స్' ఎక్కడుందో వెతికి అక్కడా తుడిచేయాలి. మొదటిది ఒక్కటే చేస్తే అప్పటికే వెళ్లినవి మీ దగ్గర అలాగే ఉంటాయి. 'ఫోన్ నంబరుతో నన్ను ఎవరు వెతకవచ్చు' అనే చోట 'ఎవరూ వద్దు' అని ఉంటే అది, లేకపోతే ఉన్నవాటిలో అన్నిటికన్నా తక్కువమందికి వర్తించేది ఎంచుకోవాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా సరిపోని సందర్భం ఒకటుంది. వేధించే భర్త నుంచి తప్పించుకుని వచ్చిన ఒక స్త్రీని ఊహించండి. పేరు కొద్దిగా మార్చుకుని, ఫోటో పెట్టకుండా, ఎవరికీ చెప్పకుండా కొత్త ప్రొఫైల్ తెరుచుకుంది. తన కాంటాక్ట్స్ ఇవ్వలేదు. కానీ ఆమె నంబరు ఆ భర్త ఫోన్‌లో ఉంది, అతను తన కాంటాక్ట్స్ మొత్తం ఇచ్చేశాడు. మీ లెక్క ప్రకారం వాళ్లిద్దరూ 'తెలిసినవాళ్లు'. అతని తెర మీద ఆమె కొత్త ప్రొఫైల్‌ను సూచనగా చూపించే అవకాశం మీ వ్యవస్థలోనే ఉంది. ఆమె ఏ తప్పూ చేయలేదు, ఏ బటనూ నొక్కలేదు. ఆమెను కాపాడగలిగింది మీరు మాత్రమే. కొత్తగా తెరిచిన ఏ ఖాతానూ, ఆ మనిషి సరేనని చెప్పేదాకా ఎవరికీ సూచనగా చూపించకండి. ఈ లేఖలో అడుగుతున్నవాటిలో ఒక్కటి మాత్రమే చేస్తామంటే, ఇది చేయండి.

ఫోన్ నంబరు అడిగే తీరు కూడా మారాలి. 'మీ ఖాతా భద్రత కోసం' అని అడుగుతారు. జనం నమ్మి ఇస్తారు. 2019లో ఎఫ్‌టీసీ ఫేస్‌బుక్‌కు 500 కోట్ల డాలర్ల జరిమానా వేసిన కేసులో ఒక ఆరోపణ ఏమిటంటే, రెండంచెల ధ్రువీకరణ కోసం ఇచ్చిన నంబర్లను ప్రకటనలకు కూడా వాడుకున్నారని. 2022లో అదే రకమైన కారణంతో ట్విటర్ 15 కోట్ల డాలర్లు కట్టింది. 2013 నుంచి 2019 వరకు ఆ పని జరిగిందని ఫిర్యాదులో ఉంది. దీని వల్ల జరిగిన నష్టం ఆ డాలర్లలో కనబడదు. భద్రత కోసం నంబరు ఇవ్వమని నేను చెబితే, "ఇస్తే యాడ్స్ వస్తాయటగా, వద్దులెండి" అని రెండంచెల ధ్రువీకరణే పెట్టుకోకుండా వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. ఖాతాకు అన్నిటికన్నా గట్టి కాపలా మీదే నమ్మకం పోయింది. భద్రతకు ఇచ్చిన నంబరు భద్రతకే వాడతామని రాసి ఇవ్వండి, అదే తెర మీద, ఆ నంబరు పెట్టె పక్కనే.

అసలు ఎస్సెమ్మెస్ కోడ్ ఒక్కటే ఆధారం కావడం కూడా మంచిది కాదు. మన సిమ్ పోయిందని చెప్పి వేరొకరు అదే నంబరు మీద కొత్త సిమ్ తీసుకుంటే కోడ్‌లు వాళ్లకే వెళతాయి. 2019 ఆగస్టులో అప్పటి ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ సొంత ట్విటర్ ఖాతాలోనే ఆగంతకులు పోస్టులు పెట్టగలిగారు, ఆయన ఫోన్ నంబరును అలా చేజిక్కించుకుని. కంపెనీ అధిపతికే ఇలా జరిగితే, నిన్న మొదటిసారి యాప్ తెరిచిన పెద్దాయన సంగతి చెప్పాలా? కోడ్‌లు ఇచ్చే అథెంటికేటర్ యాప్ ఇంతకన్నా మేలు. పాస్‌వర్డ్‌కు బదులు ఫోన్‌లోనే దాచి ఉండే తాళంచెవి లాంటి పాస్‌కీ ఇంకా మేలు, ఎందుకంటే నకిలీ సైటు ఎంత అచ్చంగా ఉన్నా పాస్‌కీ అక్కడ పనిచేయదు. వేలిముద్రతోనో ఫోన్ తాళం కోడ్‌తోనో అయిపోతుంది కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది కూడా ఏమీ ఉండదు. వయసు పైబడినవాళ్లకు ఇది పాస్‌వర్డ్ కన్నా తేలిక. కానీ చాలా చోట్ల దాన్ని సెట్టింగ్స్ అడుగున దాచారు. ఖాతా తెరిచేటప్పుడే అడగండి.

ఎస్సెమ్మెస్ తప్ప మరొకటి చేతకానివాళ్లకు అదైనా ఉండాలి, ఉచితంగా ఉండాలి. 2023 మార్చి నుంచి ట్విటర్‌లో డబ్బు కట్టినవాళ్లకు మాత్రమే ఎస్సెమ్మెస్ ధ్రువీకరణ అన్నారు. భద్రతలో పేదవాళ్లకు ఒక తరగతి, ఉన్నవాళ్లకు ఒక తరగతి చేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇదంతా ఎంత చేసినా, ఆ ఖాతాకు జోడించిన ఈమెయిల్ బలహీనంగా ఉంటే లాభం లేదు. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అంటే లింకు వెళ్లేది ఆ ఈమెయిల్‌కే కాబట్టి, ఈమెయిల్ ఎవరి చేతిలో ఉంటే ఖాతా వాళ్లది. అందుకే నా క్లాసులో ముందు ఈమెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ పెట్టించి, ఆ తర్వాతే సోషల్ నెట్‌వర్క్ తెరిపిస్తాను. ఫోన్ చేతిలో లేకపోయినా ఖాతా తెరవడానికి పనికొచ్చే రికవరీ కోడ్‌లను నోటుపుస్తకంలో రాసి ఇంట్లో దాచుకోమంటాను. వాటిని ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి ఉంచితే, ఫోన్ పోయిన రోజున వాటితో ఉపయోగం ఉండదు.

పాస్‌వర్డ్ గురించి ఎక్కువ చెప్పను. సోషల్ నెట్‌వర్క్‌ల కోసం చిన్న చిన్న యాప్‌లు తయారుచేసిన రాక్‌యూ నుంచి 2009లో 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డప్పుడు, వాటిలో అందరికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. అప్పటికీ ఇప్పటికీ జనం మారలేదని విసుక్కోవడం కన్నా, అలాంటివి పెట్టనివ్వకపోవడం మీ చేతిలో పని. ఇప్పటికే బయటపడ్డ పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చి చూడమని, ఒక పెద్దక్షరం ఒక గుర్తు ఉండాలనే నియమాలు పక్కనబెట్టి పొడవుకు ప్రాధాన్యం ఇవ్వమని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. నాలుగైదు మామూలు మాటలు కలిపి పొడవుగా పెట్టుకోనిస్తే జనానికి గుర్తుంటుంది. ఒక చోట పెట్టింది ఇంకో చోట పెట్టొద్దన్న మాట మాత్రం నేను రోజూ చెబుతాను, మీరు కూడా ఆ పెట్టె కింద ఒక వాక్యం రాయొచ్చు.

ఇక 'మీ ప్రొఫైల్ 40 శాతం పూర్తయింది' అని చూపే ఆ గీత. చదువుకున్న బడి, పుట్టిన ఊరు, పనిచేసే చోటు, పెళ్లి వివరాలు, తోబుట్టువులు... ఒక్కొక్కటి నింపుతుంటే గీత ముందుకు జరుగుతుంది. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు దాన్ని ప్రభుత్వ దరఖాస్తులా చూస్తారు. ఖాళీ వదిలితే తప్పేమో, ఖాతా రద్దవుతుందేమో అని టెన్షన్ పడతారు. ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్నది స్పష్టంగా రాయకపోవడం వల్ల వచ్చే భయం ఇది.

ఆ వివరాలు ఎందుకు పనికొస్తాయో మోసగాళ్లకు తెలుసు. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన సారా పేలిన్ ఈమెయిల్ ఖాతాను ఒక విద్యార్థి తెరవగలిగాడు. అతను వాడిన విద్య ఏమీ లేదు. పుట్టిన తేదీ, పిన్ కోడ్, భర్తను ఎక్కడ కలిశారన్న ప్రశ్నలకు జవాబులు ఇంటర్నెట్‌లో వెతికాడు. ఆమె ప్రముఖురాలు కాబట్టి అవి దొరికాయి. మిగతావాళ్ల విషయంలో ఆ జవాబులన్నిటినీ ఒకే పేజీలో వరుసగా నింపించి పెడుతున్నది మీరు. వయసు సరిచూడటానికి పుట్టిన తేదీ అడగడం న్యాయమే, అడగాలి కూడా. కానీ అడిగిన తేదీని ప్రొఫైల్ మీద చూపించాల్సిన పనేమీ లేదు. డీఫాల్ట్‌గా, అంటే ఎవరూ ఏమీ మార్చకముందు నుంచే, దాచి ఉంచండి. శుభాకాంక్షలు కావాలనుకున్నవాళ్లు రోజు, నెల వరకు చూపించుకుంటారు.

ఫోటోల విషయంలో పెద్ద నెట్‌వర్క్‌లు కొంత మంచి పని చేశాయి. అప్‌లోడ్ చేసేటప్పుడు ఫోటోలో దాగి ఉండే లొకేషన్ వివరాలను చాలావరకు తీసేస్తున్నాయి. ఫోటోలో కంటికి కనబడేది మాత్రం ఎవరూ తీయలేరు: మెడలో ఐడీ కార్డు, వెనక బండి నంబరు ప్లేటు, పిల్లవాడి యూనిఫాం మీద బడి గుర్తు. అందుకని మొదటి ప్రొఫైల్ ఫోటో ఖాళీ గోడ ముందు తీసుకోమంటాను. లొకేషన్ అనుమతి అడిగితే 'ఇవ్వను' అని నొక్కమంటాను. వ్యాయామపు లెక్కలు పంచుకునే స్ట్రావా వేసిన ప్రపంచ పటంలో, సైనికులు పరుగెత్తిన దారుల వల్ల సైనిక స్థావరాల ఆకారాలు బయటపడ్డాయని 2018 జనవరిలో తేలింది. పంచుకోవాలని వాళ్లలో ఎంతమంది అనుకుని ఉంటారు?

ఖాతా తెరిచిన తొలి వారాల్లో నా దగ్గరికి మళ్లీ పరుగెత్తుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒకే రకమైన కష్టంతో వస్తారు. "నా పేరుతో, నా ఫోటోతో ఇంకో అకౌంట్ ఉందట. మా వాళ్లందరినీ డబ్బులు అడుగుతోందట." ఇది ఎలా జరుగుతుందో మీకు తెలుసు, అయినా చెబుతాను, ఎందుకంటే దీనికి తలుపు తీసింది రెండు డీఫాల్ట్ సెట్టింగ్‌లు. ప్రొఫైల్ ఫోటో ఎవరైనా చూడొచ్చు, దించుకోవచ్చు. స్నేహితుల జాబితా ఎవరైనా చదవొచ్చు. మోసగాడికి ఈ రెండూ చాలు. ఫోటో, పేరు పెట్టి కొత్త ఖాతా తెరుస్తాడు, జాబితాలో ఉన్నవాళ్లందరికీ రిక్వెస్ట్ పంపుతాడు. 'పాత అకౌంట్ పోయింది, ఇది కొత్తది' అంటాడు. ఒకరిద్దరు ఒప్పుకున్నాక ఆసుపత్రి ఖర్చని చెప్పి డబ్బు అడుగుతాడు. పోయేది ఖాతాదారు డబ్బు కాదు, ఆమెను ప్రేమించేవాళ్ల డబ్బు. అందుకే ఆమెకు అంత అవమానంగా ఉంటుంది.

స్నేహితుల జాబితా దాస్తే ఈ మోసం చాలావరకు చేతకాదు. నేను పెట్టించే మొదటి సెట్టింగ్ ఇదే. 2009 డిసెంబరులో ఫేస్‌బుక్ స్నేహితుల జాబితాను అందరికీ తెరిచిన మార్పును ఎఫ్‌టీసీ 2011 నాటి ఫిర్యాదులో ప్రత్యేకంగా ఎత్తి చూపింది. అంటే ఈ జాబితా ఎంత విలువైనదో అప్పటి నుంచీ అందరికీ తెలుసు. మరి ఇవాళ కొత్త ఖాతాలో అది దాచి ఎందుకు ఉండదు? ప్రొఫైల్ మొత్తానికి తాళం వేసే సదుపాయాన్ని ఫేస్‌బుక్ 2020లో తెచ్చింది. అది వాడినవాళ్లకు మేలు జరగడం నేను చూశాను. కానీ దాన్ని వెతికి నొక్కాల్సి రావడమే నా అభ్యంతరం. అన్నిటికన్నా అవసరమున్నవాళ్లే దాన్ని వెతకలేరు.

ఇంకో మోసం దీనికి చెల్లెలు లాంటిది. తెలిసినవాళ్ల ఖాతా నుంచే మెసేజ్ వస్తుంది: 'పొరపాటున నా కోడ్ నీ నంబరుకు వచ్చింది, కాస్త పంపవా?' ఆ కోడ్ నిజానికి మెసేజ్ అందుకున్న ఆవిడ ఖాతాను తెరిచే కోడ్. పంపిన నిమిషంలో ఖాతా పోతుంది, దాని నుంచి ఆమె స్నేహితులకు అదే మెసేజ్ వెళుతుంది. మీరు కోడ్ పంపే ఎస్సెమ్మెస్‌లో మొదటి వాక్యమే 'ఈ కోడ్ ఎవరికీ చెప్పకండి, మీ స్నేహితులు అడిగినా, మేము అడిగినా' అని ఉండాలి, చదివేవాళ్ల భాషలో. అంకెలు ఆ తర్వాత రావాలి. అంకెలు ముందుంటే జనం మిగతాది చదవరు. ఈ మార్పుకు పెద్ద ఇంజినీరింగ్ కూడా అక్కర్లేదు.

పోస్టులు ఎవరికి కనబడాలన్న దానిపై మీలో కొందరు మారిన దాఖలాలున్నాయి. 2014 మేలో ఫేస్‌బుక్ కొత్త సభ్యుల పోస్టులకు 'అందరికీ' బదులు 'స్నేహితులకు' అనేదాన్ని డీఫాల్ట్ చేసింది. 2021 జనవరిలో టిక్‌టాక్ 13 నుంచి 15 ఏళ్లవాళ్ల ఖాతాలను ప్రైవేట్‌గా మార్చింది. 2024 సెప్టెంబరులో ఇన్‌స్టాగ్రామ్ టీనేజర్లకు ప్రత్యేక ఖాతాలు మొదలుపెట్టి, ప్రైవేట్‌గా ఉంచి, తెలియనివాళ్ల మెసేజ్‌లు రాకుండా కట్టడి చేసింది. ఇవి మంచి మార్పులు, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. వాటిలో కొన్ని ఒత్తిడి వచ్చాకే జరిగాయన్నది కూడా నిజమే. పిల్లల ఖాతాల విషయంలో ఇన్‌స్టాగ్రామ్‌కు ఐర్లాండ్‌లో 2022లో 40.5 కోట్ల యూరోల జరిమానా పడింది. ఏమైనా, పిల్లలకు మంచిదైన సెట్టింగ్ పెద్దవాళ్లకు ఎందుకు మంచిది కాదు? 70 ఏళ్ల వయసులో మొదటిసారి ప్రొఫైల్ తెరిచే ఆవిడకు ఈ లోకంలో అనుభవం 15 ఏళ్ల మనవరాలి కన్నా తక్కువ. పుట్టిన తేదీ చూసి ఆమెను 'తెలిసిన వినియోగదారు' కింద లెక్కగడుతున్నారు. యూరప్‌లో 2018 మే నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం 25వ నిబంధన వయసు తేడా చూడలేదు. మనిషి తానుగా చేయి పెట్టకుండా అతని వివరాలు లెక్కలేనంతమందికి అందకూడదని, డీఫాల్ట్ అలా ఉండాలని చెప్పింది. అది చట్టం ఉన్న చోటికే పరిమితం కావాల్సిన మర్యాద కాదు.

మీ వైపు వాదన నాకు తెలుసు. అన్నీ మూసి ఇస్తే కొత్తవాళ్లకు స్నేహితులు దొరకరు, ఫీడ్ ఖాళీగా ఉంటుంది, రెండో రోజు యాప్ తీసేస్తారు అంటారు. కొత్త సభ్యులకు 10 రోజుల్లో 7 మంది స్నేహితులు దొరకాలన్నదే తమ లక్ష్యమని, ఫేస్‌బుక్‌లో సభ్యుల సంఖ్య పెంచే గ్రోత్ బృందాన్ని నడిపిన చమత్ పలిహపితియా బహిరంగంగానే చెప్పారు. ఆ లెక్క తప్పని నేను అనడం లేదు. ఒంటరితనంతో వచ్చేవాళ్లను నేను చూస్తాను, వాళ్లకు తమవాళ్లు త్వరగా కనబడాలనే నేనూ కోరుకుంటాను. కానీ ఆ ఏడుగురు తాను పేరు టైప్ చేసి వెతుక్కున్నవాళ్లు అయితే, కొత్తగా వచ్చిన ఆవిడ యాప్‌లో ఉండిపోతుంది. ఫోన్ పుస్తకం మొత్తం గుమ్మరించి, ఎవరెవరో కనబడి, రెండో వారం ఎవరో ఆమె ఫోటోతో డబ్బు అడిగితే, ఆమె యాప్ తీసేయడమే కాదు, మళ్లీ ఇంటర్నెట్ జోలికే రానంటుంది. అలా వెళ్లిపోయినవాళ్లను తిరిగి తీసుకురావడం నా వల్ల కాలేదు. మీ గ్రాఫుల్లో వాళ్లు 'ఖాతా మూసేశారు' అని ఒక అంకెగా కనబడతారేమో, ఎందుకు మూసేశారన్నది అందులో రాదు.

ఇంకొక చిన్న విషయం. ఖాతా తెరిచే మొదటి పేజీలోనే, దాన్ని ఎలా మూసేయాలో, తాత్కాలికంగా ఆపడానికి, శాశ్వతంగా తొలగించడానికి తేడా ఏమిటో ఒక లింకు పెట్టండి. బయటికి దారి తెలిసినవాళ్లు లోపలికి ధైర్యంగా వస్తారు.

చివరిగా నేను కోరేది: కొత్త ఖాతా పేజీని విడుదల చేసే ముందు మీ ఆఫీసు బయటివాళ్లతో ఒకసారి తెరిపించి చూడండి. మొదటిసారి ఫోన్ పట్టుకున్న పెద్దామె, పదమూడేళ్లు నిండిన పిల్లాడు, ఎవరి నుంచో దాక్కోవాల్సిన అవసరమున్న మనిషి. పక్కన కూర్చోండి, సాయం చేయకండి, బటన్లు వాళ్లనే నొక్కనివ్వండి. అంతా అయ్యాక, ఏ పరిచయమూ లేని మరో ఖాతాతో లాగిన్ అయి వాళ్ల ప్రొఫైల్‌ను వెతకండి. పేరు, వాళ్లు కావాలని పెట్టుకున్న ఫోటో తప్ప మరేదైనా కనబడితే, ఆ పేజీ ఇంకా విడుదలకు సిద్ధం కాలేదు.

గౌరవంతో,
ఒక కంప్యూటర్ టీచర్